బొట్టుదాకా రాని ముల్లు

నమోదు 1. సోమవారం

పెద్దబండి ముల్లు ఇవాళ బొట్టుదాకా రాలేదు.

ఇది రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. పెద్దబండికి ఏ మరమ్మతు జరిగినా పక్కన ఒక సాక్షి ఉండి, జరిగింది జరిగినట్టు రాయాలని మా పల్లంలో నియమం. ఎందుకంటే బండి ఆగిన ప్రతిసారీ మెకానిక్ సింహాద్రి డ్రైవరును తిడతాడు, డ్రైవరు పైడితల్లి మెకానిక్కును తిడుతుంది, ఆ తిట్లు పూర్తయ్యేసరికి ఏ బోల్టు విప్పారో ఇద్దరికీ గుర్తుండదు. బడిలో జీవితమంతా భౌతికశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక కూడా అడగనివాళ్ల తప్పులు దిద్దుతూ తిరుగుతున్న వరూధిని టీచరు కంటే మంచి సాక్షి దొరకదని కొండ ఎక్కే ఘాటు రోడ్డును చూసుకునే ఘాటు సంఘం తీర్మానించింది. నన్ను ఇంట్లోంచి కదిలించడానికి మా కోడలు వేసిన ఎత్తు కూడా ఇందులో ఉందని నా అనుమానం.

ఇంజను సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ నేల మీద గాలి పలచన. పల్లంలో మనిషి ముక్కుతో పీల్చుకుని బతికేస్తాడు గానీ డీజిలు ఇంజనుకు ఆ గాలి చాలదు. అందుకని ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో బయటి గాలిని కుక్కి మళ్లీ ఇంజనుకే పెడతారు. అదే టర్బో. ఎంత కుక్కిందో చెప్పేది డ్రైవరు ముందున్న బూస్టు గేజి. మొదటివాళ్లు, అంటే ఈ నేల మీద తొలిసారి దిగిన మన పెద్దలు, ఘాటు ఎక్కిన మొదటి రోజున, ఇంకా కింద పల్లంలో ఉండగానే, ఆ గేజి అద్దం మీద ముల్లు నిలిచిన చోట ఎర్రరంగుతో ఒక బొట్టు పెట్టారు. అప్పట్నుంచీ ఘాటు మొదట్లో బండి ఆపి, ఆక్సిలరేటరు బలంగా తొక్కుతారు. ముల్లు బొట్టును తాకితే బండి ఎక్కుతుంది. తాకకపోతే ఎక్కదు. బొట్టు పెట్టినదాన్ని కదపకూడదు గనక ఆ గేజిని ఎవరూ విప్పరు, తుడవడం తప్ప.

ఇవాళ పైడితల్లి మూడుసార్లు తొక్కింది. ముల్లు బొట్టుకు వేలెడు దూరంలోనే ఆగిపోయింది.

"ఏటి సింహాద్రీ, మొన్ననే బాగుసేసీనానన్నావు?" అంది, సీట్లోంచి దిగకుండానే.

"నాను బాగానే సేసినాను. నీకు తొక్కుడు తెలీకపోతే ముల్లేటి సేస్తాది?"

"నీ పెళ్లి సామాను మోసింది నానేరా ఈ బండి మీద."

"అందుకే సగం పగిలిపోనాది."

నాకు నవ్వు రాలేదు. పైన మిట్ట మీద, మంచు గనిలో కొలతలు తీసే మా మనవరాలు నీరజకు ఎనిమిదో నెల నడుస్తోంది. మిట్టలో గాలి మరీ పలచన. అక్కడ బయటికొస్తే అందరూ మాస్కు పెట్టుకోవాలి. పుట్టిన బిడ్డ ఆ గాలిలో నిలవదు. మొదటివాళ్ల కాలంలో ఇద్దరు పిల్లలు అక్కడ పుట్టి, ఒక పూట కూడా ఉండలేదు. ఆ తర్వాత మిట్టలో కాన్పు అన్న మాటే లేదు. నెలలు నిండకముందే తల్లిని పెద్దబండిలో పల్లానికి దించుతారు. ఇక బ్యాటరీ బండ్లంటారా, అవి మూడో మలుపుకే చతికిలబడతాయి.

నీరజను దించడానికి ఇవాళ వెళ్లాల్సిన బండి ఇది.


నమోదు 2. మంగళవారం

సింహాద్రి పొద్దున్నే స్పానర్ల సంచీ తెచ్చి, "టర్బో పోనాది టీచరమ్మా. ఇప్పీసి స్పేరు తొడిగేద్దాం" అన్నాడు.

మనకున్నది ఒకే ఒక స్పేరు. మొదటివాళ్లు మైనం పూసి పెట్టెలో పెట్టింది. ఇంతవరకూ ఎవరూ తెరవలేదు.

"జ్వరమొచ్చిందంటే ముందు నాలుక చూస్తారు, గుండె మార్చరు" అన్నాను. "గాలి లోపలికి వచ్చే దారి మొత్తం చూడు. టర్బో మీద చెయ్యి ఆఖర్న వెయ్యి."

"మీరు బళ్లో కూడా ఇలాగే. ముందు సూత్రం రాయి, తరవాత లెక్క సెయ్యి అనేవోరు."

"నువ్వు రెండూ చెయ్యలేదు."

"అందుకే కదా మెకానిక్కునైనాను!"

ముందు గాలి జల్లెడ విప్పాం. ఎర్రదుమ్ము కొంచెం ఉంది గానీ ఊపిరాడనంత లేదు. దులిపి పెట్టాం. ముల్లులో మార్పు లేదు. తర్వాత గొట్టాల వంతు. టర్బో కుక్కిన గాలి ఎక్కడో కారిపోతుంటే ముల్లు పైకి పోదు. కుంకుడుకాయలు నలగ్గొట్టి, నురుగు చేసి, ప్రతి అతుకు మీదా బ్రష్షుతో పూశాం. ఇంజను నడిపించి, ఎక్కడ బుడగ లేస్తుందా అని కళ్లు చిట్లించి చూశాం. ఎక్కడా లేవలేదు. బండికి తలంటి పోసినట్టయింది, అంతే.

సాయంత్రం రేడియోలో నీరజ మాట్లాడింది.

"అమ్మమ్మా, బండి ఎప్పుడొస్తుంది?"

"వస్తుంది. కడుపు ఎలా ఉంది?"

"కిందికి జారినట్టుందంటోంది రాహేలు నర్సు. నువ్వు కంగారు పడకు."

"నేనెప్పుడు కంగారుపడ్డాను?"

"గొంతు సన్నబడింది" అంది. పెద్దవాళ్లు పిల్లలకు శాస్త్రం నేర్పిస్తే ఇదే గతి. వాళ్లు మనల్నే గమనిస్తారు.


నమోదు 3. బుధవారం

నురుగు చేరని చోట పొగ చేరుతుందని నాకు తెల్లారేసరికి తోచింది. ఇంట్లోంచి సాంబ్రాణి పట్టుకెళ్లాను. టర్బో మూతికి చెక్క బిరడా కొట్టించి, దానికి చిన్న కన్నం పెట్టించి, ధూపం పొగను సైకిలు పంపుతో గొట్టాల్లోకి తోయించాను. షెడ్డంతా శుక్రవారం పూజగది అయిపోయింది. దారిన పోయేవాళ్లు తొంగిచూసి దణ్ణం పెట్టుకున్నారు.

పైడితల్లి బండి కింద వెల్లకిలా పడుకుని ఉంది. ఉన్నట్టుండి అరిచింది.

"ఇదిగో! ఇక్కడ దేవుడొచ్చీసినాడు!"

కుక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కిందనున్న రబ్బరు హోసు, బండి చట్రం ఇనుముకు రాసుకుని రాసుకుని చిన్న పెదవిలా తెరుచుకుంది. అందులోంచి సన్నటి తెల్లటి పొగ. సింహాద్రికి ఆనందం ఆగలేదు. కాన్వాసు గుడ్డ, రబ్బరు ద్రావకం, పైన రెండు క్లాంపులు. ఆరనిచ్చి, బండిని ఘాటు మొదటికి తోలుకెళ్లాం. జనం కూడా వచ్చారు. మిట్టలో ఆడపిల్ల ఉందని అందరికీ తెలుసు.

పైడితల్లి తొక్కింది. ముల్లు లేచింది, లేచింది, ఒక వెంట్రుకవాసి ఎక్కువే లేచింది. ఆగిపోయింది.

బొట్టు దూరంగానే ఉంది. జనం పాచి మడుల వైపు వెళ్లిపోయారు. అటు పని ఎప్పుడూ ఉంటుంది. మిట్టనుంచి మంచు దింపడం, కరిగించడం, ఆ నీటిని మడులకు పెట్టడం, ఎండకు పాచి మాడకుండా తడిపిన గోనెలు కప్పడం. పాచి వదిలే ఊపిరితో ఈ నేల మీద గాలి పెరుగుతుందని మొదటివాళ్లు ఇది మొదలుపెట్టారు. మా అమ్మ మోకాళ్లు అందులోనే పోయాయి, నా నడుమూ అందులోనే పోయింది. గాలి మాత్రం ఏటా ఉగాదికి చూస్తే ఎక్కడున్నది అక్కడే. సంఘం వాళ్లు బయటి గాలిని కొలిచే గేజిలన్నీ తెచ్చి వరసగా పెట్టి, ముళ్లను మొదటివాళ్ల గీత మీదికి తిప్పి, హారతిచ్చి వెళ్తారు. నేను కూడా పిల్లలకు అదే చెప్పాను. ఇంకా వెయ్యేళ్లు పడుతుందర్రా, నీళ్లు మోయండి, అని.


నమోదు 4. గురువారం

ఇక టర్బో మీద చెయ్యి వేయక తప్పలేదు. గొట్టం విప్పి, సింహాద్రి రెండు వేళ్లతో చక్రం ఇరుసును పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. ఊగలేదు. రెక్కలు ఒక్కటీ విరగలేదు, నూనె కారలేదు. వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది.

"దీనికేటీ రోగం నేదు" అన్నాడు, నిరాశగా.

"ఎప్పుడైనా రోగం లేదని తెలిస్తే సంతోషించు."

"మరి ముల్లు?"

అప్పుడు పక్కనున్న తలుపు కడ్డీని చూశాను. టర్బో హద్దు మీరి గాలి కుక్కకుండా ఒక చిన్న తలుపు ఉంటుంది. గాలి చాలినంత కాగానే కుంకుమ భరిణె అంత రేకు డబ్బీ ఒకటి ముడుచుకుని, కడ్డీని లాగి, ఆ తలుపు తెరుస్తుంది. పొగ పక్కదారిన పోతుంది, చక్రం నెమ్మదిస్తుంది. కడ్డీని మర తిప్పి బిగిస్తే తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, గాలి ఎక్కువ కుక్కుకుంటుంది. ఆ కడ్డీ మీద మర రెండు వేళ్ల మందాన మెరుస్తోంది. దాని మొదట్లో ఆకురాయితో గీసిన మొదటివాళ్ల గుర్తుంది. నట్టు అక్కణ్నుంచి చాలా దూరం వచ్చేసి, చివరి అంచున కూర్చుంది.

"ఇది ఎవరు తిప్పారు?"

సింహాద్రి తల గోక్కున్నాడు. "ముల్లు తగ్గినప్పుడల్లా మా నాన్న ఒకింత బిగించేవోడు. తరవాత నాను. బొట్టుకి తాకాలి కదేటి. డబ్బీ ముసిలిదైపోయి, లూజైపోతంది. ఇప్పుడు మర అయిపోనాది. కడ్డీ కోసీసి, పొట్టిగా వెల్డింగు పెట్టీస్తే..."

"ఆగు. ఇంజను తల దగ్గర ఆ చెమ్మ ఏమిటి?"

పైడితల్లి తొంగిచూసింది. "అది నెల్లాళ్లనుంచీ ఊరుతంది. సెప్పినాను వీడికి."

"నాకెప్పుడు సెప్పినావు?"

"నువ్వు వినలేదు, నాను సెప్పినాను."

సిలిండర్ల మీద బోల్టులతో బిగించిన మూతే ఇంజను తల. అక్కడ నీరు ఊరుతోందంటే లోపల ఒత్తిడి బోల్టుల ఓపికను మించుతోందన్నమాట. గాలి చాలని ఇంజనులో అలా జరగదు. మింగలేనంత కుక్కిన ఇంజనులోనే జరుగుతుంది. ముల్లేమో ఆకలి అంటోంది, ఇంజనేమో కడుపుబ్బరం అంటోంది.

"కడ్డీ కోయకు" అన్నాను. "కోస్తే నాలుగో మలుపులో తల ఎగిరిపోతుంది. స్పేరు పెట్టె తెరువు. మొత్తం వద్దు, ఒక్క డబ్బీ తియ్యి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూద్దాం."

సంఘం అనుమతి రేపు వస్తుందట. ఈలోగా రేడియో మోగింది. రాహేలు నర్సు. నీరజకు నొప్పులు మొదలయ్యాయి. తెరలు తెరలుగా వచ్చి ఆగుతున్నాయట. ఇంకా టైముందనే అంటోంది. కానీ ఆవిడ గొంతు కూడా సన్నబడింది.


నమోదు 5. శుక్రవారం, పొద్దున

మైనం గీకి పెట్టె తెరిచాం. మొదటివాళ్ల చేతి తర్వాత ఆ మైనాన్ని తాకిన చెయ్యి లేదు. సింహాద్రి డబ్బీని నూలుగుడ్డలో పట్టుకుని బల్ల మీద పెట్టాడు. మెరుస్తోంది. లోపల గాలి మొత్తం తీసేసి, అంచులు మూసేసిన డబ్బీ. పైకి పొడుచుకొచ్చిన కాడ మీద సన్నటి గీత, గీత పక్కన "పల్లం" అని చెక్కి ఉంది. పల్లం గాలిలో ఊరికే పెడితే కాడ ఆ గీత దగ్గర నిలబడాలి. పెట్టెలోని కాగితం కూడా అదే అంటోంది.

కాడ నిలబడలేదు. గీత డబ్బీలోకి కుంగిపోయి, కనపడీ కనపడకుండా ఉంది.

"ఇదీ పోనాదే!" సింహాద్రి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పెట్టెలో ఉన్నది ఉన్నట్టే పాడైపోనాదేటి టీచరమ్మా?"

నేను పాతదాన్ని కూడా విప్పించి పక్కన పెట్టాను. దాని కాడ కూడా కుంగి ఉంది. సరిగ్గా అంతే. ఒకటి తరాలపాటు మంటలో, మసిలో, కుదుపుల్లో పనిచేసింది. మరొకటి మైనంలో నిద్రపోయింది. ఈ రెండూ ఒకే లెక్కన చెడిపోతాయా?

"సింహాద్రీ, రేకు చిల్లుపడి గాలి లోపలికి దూరితే డబ్బీ ఏమవుతుంది?"

"ఉబ్బుతాది."

"ఇవి ఉబ్బాయా?"

"నేదు. ముడుసుకున్నాయి."

"అంటే?"

పదో తరగతిలో ఇదే ప్రశ్నకు అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఇవాళ డబ్బీలకేసి చూశాడు.

"బయటినుంచి ఎవులో గట్టిగా నొక్కతన్నారు" అన్నాడు.

"ఎవరు?"

నేను చెయ్యి ఎత్తి, మా ఇద్దరి మధ్యనున్న ఖాళీలో అటూ ఇటూ ఊపాను. ఆ చేతికి ఏదో తగిలింది. ఎప్పుడూ తగిలేదే. ఇన్నేళ్లూ తగులుతూనే ఉన్నదే.

అలాగే వెళ్లి టైరు మీద కూర్చున్నాను.

"ఏటైనాది? మీకు నీరసమా?" అని పైడితల్లి నీళ్ల గ్లాసుతో వచ్చింది. ఆ గ్లాసే పట్టుకుని చెప్పాను.

"ఇంజనుకు పది గ్లాసుల గాలి కావాలనుకో. మొదటివాళ్ల రోజుల్లో బయటి గాలి ఐదు గ్లాసులు ఇచ్చేది. మిగతా ఐదూ టర్బో కుక్కేది. ఈ గేజి బయటిది లెక్కపెట్టదు. టర్బో కలిపినదే చూపిస్తుంది. అందుకని ముల్లు ఐదు దగ్గర నిలబడింది, అక్కడ బొట్టు పెట్టారు. ఇప్పుడు బయటి గాలే ఆరు గ్లాసులిస్తోంది. టర్బో నాలుగు కలిపితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. ముల్లు నాలుగు దగ్గరే ఆగుతుంది."

"అయితే బండికి రోగం నేదు."

"లేదు."

"మరి ఈళ్లు బిగించిందల్లా?"

"ఆరుండగా ఇంకో ఐదు కుక్కారు. పదకొండు. అందుకే తల చెమర్చింది."

పైడితల్లి ఆలోచించింది. "అదా సంగతి! పొగే నేదు ఈమద్దిన. మూడో మలుపులో ఫస్టుగేరెయ్యడం మానేసి ఎన్నాళ్లైనాదో. నా తొక్కుడు బాగుందేమో అనుకున్నాను."

సింహాద్రి మాత్రం కడ్డీని చేతిలో పట్టుకుని, ఆ మెరిసే మర మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయాడు. వాళ్ల నాన్న తిప్పిన చుట్లు, తను తిప్పిన చుట్లు. ఒక్కో చుట్టూ ఒక్కో మేర పెరిగిన గాలి. మన ఆకాశం ఎంత పెరిగిందో ఆ ఇనుము మీద రెండు వేళ్ల మందాన ఉంది. మా అమ్మ మోకాళ్లు అందులో ఉన్నాయి. వెయ్యేళ్లు పడుతుందని నేను పిల్లలకు చెబుతున్న రోజునే అది నా ముక్కులోకి వస్తూ పోతూ ఉంది.

తల వంచుకుని గట్టిగా ఒక ఊపిరి పీల్చాను. సాంబ్రాణి వాసన ఇంకా పోలేదు.


నమోదు 6. శుక్రవారం, మధ్యాహ్నం

కడ్డీని మొదటివాళ్ల గుర్తు దాకా వదులు చేయించాను. ముల్లు ఇప్పుడు ఇంకా కిందికి దిగిపోయింది. బొట్టు పైనెక్కడో ఉంది.

ఘాటు సంఘం అధ్యక్షుడు దక్షిణామూర్తి వచ్చి అది చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"టీచరుగారూ, తమరు పెద్దవారు. మనవరాలి విషయంలో తమ ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ ముల్లు ఇంత కిందుంటే బండి ఎక్కడానికి వీల్లేదు. నియమం."

"నియమం పెట్టినవాళ్ల గాలి ఇప్పుడు లేదు మూర్తీ. పెరిగింది."

"ప్రతి ఉగాదికీ చూస్తున్నాం గదండీ! మా గేజిలు గీత మీదే ఉంటాయి."

"ఉంటాయా, ఉంచుతారా?"

"స్ప్రింగులు సాగి ముళ్లు పక్కకు పోతుంటాయి. గీత మీదికి తిప్పి సరిచెయ్యమని మొదటివాళ్లే రాశారు. నేను స్వయంగా తిప్పుతాను."

"ఎటు?"

"ఎటేమిటండీ?"

"మర. ఏ వైపుకు తిప్పుతావు?"

చెప్పబోయి ఆగాడు. కుడిచెయ్యి తనంతట తనే గాల్లోకి లేచి, కనపడని స్క్రూడ్రైవరును తిప్పింది. ఎడమకు. ఆ చేతిని చూసుకున్నాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఎడమకే.

"సాగిన స్ప్రింగు ఒక ఏడాది అటు పోతుంది, ఒక ఏడాది ఇటు పోతుంది" అన్నాను. "అన్ని గేజిలూ, అన్నేళ్లూ ఒకే వైపుకు పోవు. కుడివైపుకు ఎప్పుడైనా తిప్పావా?"

"లేదు" అన్నాడు. గొంతులో అధ్యక్షుడు లేడు. "నాన్నగారు కూడా... ఆయన చెయ్యి కూడా ఎడమకే... హారతి పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడేవాణ్ని."

డబ్బీలు రెండూ చూపించాను. అతను వాటిని ముట్టుకోలేదు. షెడ్డు బయటికి వెళ్లి, పాచి మడి గట్టు మీద, ఇస్త్రీ పంచె తడిసిపోతున్నా చూసుకోకుండా కూర్చున్నాడు. ఎదురుగా మడులు కనపడినంత మేరా పచ్చగా ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ చూసి చూసి మేమెవరమూ చూడని పచ్చ. అతను నోరు తెరిచి గాలి పీల్చాడు. వదిలాడు. మళ్లీ పీల్చాడు.

"ఏటా హారతిచ్చి, ఏటా వెనక్కి తిప్పేశామండీ" అన్నాడు.

"గేజిని తిప్పావు. గాలిని తిప్పలేదు. అది నీ మాట వినలేదు, అదృష్టం."

అతను లేచాడు. "వెళ్లండి. కానీ బాధ్యత తమరిదని రాయాలి."

రాశాను. బాధ్యత నాది. వరూధిని.


నమోదు 7. శుక్రవారం. మిట్టలో, ఇంకా ఎండ ఉండగానే

ఆక్సిజన్ సిలిండర్లు నాలుగు కట్టుకుని బయల్దేరాం. పైడితల్లి తోలింది, పక్కన నేను. సింహాద్రి వెనక సిలిండర్లను కావలించుకుని కూర్చున్నాడు. రానవసరం లేదన్నా వినలేదు.

పైడితల్లి గేజి మీద తువ్వాలు కప్పేసింది.

"అదేమిటే?"

"అది సూత్తుంటే నాకు కాలు కదలదు. గుడ్డి దానిలా తోలతాను, అదే నయం."

తోలింది. ఇంజను మొరాయించలేదు, దగ్గలేదు. పొగ గొట్టంలోంచి పొగ ఉన్నట్టే లేదు. మూడో మలుపు రెండో గేరులో దాటాం. నాలుగో మలుపు దగ్గర ఇద్దరమూ ఊపిరి బిగబట్టాం. కిందినుంచి ఏ చప్పుడూ రాలేదు. దిగి తల చుట్టూ వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది.

అక్కణ్నుంచి కిందికి చూసినప్పుడు పల్లం మీద తెల్లగా ఏదో పరుచుకుని కనిపించింది. మళ్లీ ఏ హోసు తెగిందో అనుకున్నాను. తర్వాత తెలిసింది. అది పొగ కాదు. మడుల తడి గాల్లోకి లేచి, పోలేక, అక్కడే ఆగి నిలబడింది. నిలబడ్డానికి గాలి ఉంది గనక. బడి పుస్తకంలో దాని బొమ్మ ఉంది. మేఘం అని పిల్లలకు నేర్పించాను. నేనెప్పుడూ చూడలేదు.

"టీచరమ్మా, ఏడుస్తన్నారేటి?"

"దుమ్ము. రోడ్డు చూడు."

ఆఖరి మలుపులో మాస్కులు సంచీలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాం. అక్కణ్నుంచి ముఖానికి పెట్టుకోవాలి. పైడితల్లి తన మాస్కు పట్టీ సర్దుకోవడానికి చెయ్యి ఎత్తినప్పుడు తువ్వాలు జారి పడింది.

ముల్లు బొట్టు మీద ఉంది.

పక్కకూ కాదు, కొంచెం పైకీ కాదు. సరిగ్గా మీద. పైడితల్లి బ్రేకు మీద కాలేసింది. "ఇదేటి? ఇప్పుడెలాగ తాకింది?"

పైకొచ్చే కొద్దీ బయటి గాలి పలచబడుతుంది, టర్బో ఎక్కువ కలపాలి, ముల్లు లేస్తుంది. అది మామూలే. నా మనసు ఆగిపోయింది మాత్రం ఆ మామూలు దగ్గర కాదు. ముల్లు బొట్టు మీద నిలిచిందంటే బయట ఐదు గ్లాసులున్నాయి. మొదటివాళ్లు బొట్టు పెట్టిననాటి పల్లం గాలి ఇది. ఆ గాలిలోనే పల్లంలో మొదటి బిడ్డ పుట్టింది, పీల్చింది, పెరిగింది. ఆవిడ మా అమ్మకు అమ్మ.

"ఇంజను ఆపు" అన్నాను.

ఆపింది. నేను మాస్కు లేకుండానే తలుపు తీసి దిగాను. పైడితల్లి అరిచింది, సింహాద్రి వెనకనుంచి దూకాడు. ఊపిరి పీల్చాను. పలచగానే ఉంది. తల కొంచెం తిరిగింది. కానీ వచ్చింది, లోపలికి వచ్చింది, చాలింది.

అప్పుడు వినపడింది.

మిట్ట ఇళ్లు ఆ మలుపుకు చాలా దూరం. మా చిన్నప్పుడు ఇక్కడ మనిషి పక్కన నిలబడి అరిస్తేనే గానీ వినపడేది కాదు. గాలి మాటను మోయలేకపోయేది. ఇప్పుడు ఆ దూరాన్నుంచి సన్నటి, కోపంగా ఉన్న ఒక గొంతు రాళ్ల మీదుగా వచ్చింది. ఆగింది. మళ్లీ అందుకుంది.

"ఏటది?" సింహాద్రి గుసగుసలాడాడు.

పరిగెత్తాను. ఈ నడుముతో, ఈ గాలిలో.

నీరజ గది బయట ఆమె భర్త కౌశిక్ గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. లోపల రాహేలు నర్సు చేతిలో వేలెడంత మాస్కు. ముక్కుకు పెట్టబోతే పసిది తల విసిరి తోసేస్తోందట.

"మూడుసార్లు పెట్టానమ్మగారూ. నీలం తిరుగుతుందేమోనని గోళ్లు చూస్తూనే ఉన్నాను. చూడండి, మీరే చూడండి."

వంగి చూశాను. ఆవగింజల్లాంటి గోళ్లు. గులాబీ రంగు.

"అమ్మమ్మా" అంది నీరజ మంచం మీంచి, చెమటలో తడిసి, నవ్వుతూ. "ఎంత ఆలస్యమే. ఇది ఆగనంది. ఎందుకు ఏడుస్తోంది? ఊపిరాడట్లేదా?"

"ఆడుతోంది" అన్నాను. "ఆడబట్టే ఏడుస్తోంది."

వాకిట్లో గని వాళ్లందరూ చేరారు. ఎవరో ముందు మాస్కు తీశారు. తర్వాత ఇంకొకరు. లోపల పిల్ల ఏడుస్తూనే ఉంది. ఊరుకోబెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. నర్సు రాలేదు, తండ్రి రాలేదు, నేనూ వెళ్లలేదు. అందరమూ నిలబడి వింటున్నాం.